పాటయు వంతయు

నల్లగొండ, పాలమూరు సీమల పాటను గురించి వ్రాయబూనినవారు మొట్టమొదట గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ఈ మెట్టనేలలో పాట ఒక్క గొంతున పుట్టి ఆ గొంతుననే ముగిసినది కాదు. కలుపు తీయు స్త్రీలలో ఒకతె చరణమెత్తుకొనగా తక్కినవారు వంచిన నడుములెత్తకయే దానినందుకొని మరల పలుకుదురు. ఒగ్గుకథకుడు మల్లన్న కథలో ఒక మాట విడిచినంతనే ప్రక్కనున్నవాడు దానిని పట్టుకొని డోలు దెబ్బమీద సాగదీయును. బుర్రకథలో తంబుర భుజమున నిడుకొన్న కథకుని కిరువైపుల గుమ్మెటలతో నిలిచిన యిద్దరిలో ఒకడు హాస్యమును, వేరొకడు లోకరాజకీయమును పలుకుచు కథను నడిపింతురు. మోటకొట్టు కాపు ఒంటరిగనే పాడునుగదా యని యెవరైన ననవచ్చును. కాని యెడ్లు దిగుడున ముందుకు సాగి బొక్కెన పైకి లేచుచుండగా గిరక చేయు రొదకు సరిగా అతని రాగము లేచుటయు, ఎడ్లు వెనుకకు నడచునపుడు అది తగ్గుటయు విన్నవారికి, ఆ గిరకయే యతనికి వంత యని తెలియకపోదు. ఈ వంత యేమైనదను ప్రశ్నయే ఈ రెండు సీమలలో పాటకును యంత్రమునకును ఏర్పడిన పొత్తుయొక్క చరిత్రమని నా నమ్మకము. నేడు దినదినము వెలువడుచున్న క్రొత్త ఆల్బములలో దేనినైనను మెచ్చుటకుగాని మెచ్చకుండుటకుగాని నేను పెట్టుకొన్న గీటురాయియు నిదియే.

యంత్రములలో మొదట వచ్చినది గ్రామఫోను. నిమిషమునకు 78 చుట్లు తిరిగెడు ఆ నల్లని ప్లేటులో ఒక్కొక్క ప్రక్క పట్టెడు పాట మూడు నిమిషములు, మహా అయిన మూడున్నర. నాటకములలోని పద్యములును, హరికథలలోని కీర్తనలును ఆ కొలతకు తమ్ము తాము కుదించుకొని తెలుగుదేశమున వ్యాపించినవి గాని, తెల్లవారులు సాగెడు ఒగ్గుకథ అందులో నెట్లిముడును? పైగా నిజాము రాజ్యమున ఈ సీమలలో తెలుగు అక్షరమునకే చోటు దుర్లభమైయున్న కాలమది. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామనరసింహారావుగారు ‘నీలగిరి’ పత్రికను వెలువరించుటయు, 1926లో పాలమూరు బిడ్డయగు సురవరము ప్రతాపరెడ్డిగారు హైదరాబాదున ‘గోలకొండ పత్రిక’ను స్థాపించుటయు మహాకార్యములుగా చెప్పుకొనవలసివచ్చిన దశలో, కూలిజనుల పాటను ప్లేటుమీది కెక్కింప నెవరికి తోచును? 1949లో వెలువడిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో ప్రతాపరెడ్డిగారు రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి జనుల ఆటలను, తిండిని, కట్టుబొట్టులను చరిత్రవస్తువులుగా నిలిపిరి, బిరుదురాజు రామరాజుగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానపదగేయ సాహిత్యముపై పరిశోధన సలిపి ఆ పాటలకు పండితసభలలో పీట వేయించిరి. వీరి కృషివలన పాట కాగితమున కెక్కినది. అయినను ఎక్కినది చరణమే. దానినందుకొను నలువది గొంతుల యూపిరి కాగితమునకు చిక్కదు.

ఆ గొంతుల బలమెంతటిదో 1946నుండి 1951వరకు సాగిన రైతాంగ సాయుధపోరాటము చాటిచెప్పినది. నాడు జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనిది. ఆ తాలూకాలోని కడవెండిలో 1946 జులై 4వ తేదీన దొడ్డి కొమరయ్య నేలకొరిగిన పిదప, సభ జరిగిన చోటెల్ల పాట తప్పనిసరియైనది. సుద్దాల హనుమంతుగారు గొల్లసుద్దులు, బుర్రకథ మున్నగు పాతరూపములలో క్రొత్త విషయమును నింపి ఊరూర పాడిరి. బండి యాదగిరి కట్టిన పాట జనుల నోట పడి దళములకంటె ముందుగా నడచినది. వారికి ప్లేటులేదు, రేడియోలేదు. పాటను దాచుకొనదగిన చోటు జనుల కంఠ మొక్కటియే. గడిముందు చరణమెత్తుకొన్నవానిని దొరమనుషులు పట్టుకొనిపోవచ్చును. వంత పలికిన ఊరినంతటిని పట్టుకొనిపోవుట యెట్లు? ఆనాడు వంత పాటకు శోభకొరకు గాక కాపుదలకొరకు నిలిచినదని నేననుకొందును. 1980 ప్రాంతమున గౌతం ఘోష్ దర్శకత్వమున, బి. నర్సింగరావుగారు నిర్మాతలలో ఒకరుగా వచ్చిన ‘మా భూమి’ చిత్రమున గద్దరు తెరమీద నిలిచి యాదగిరి పాటను ఎత్తుకొనగా, చుట్టునున్నవా రందుకొనిరి. యంత్రము ఈ సీమల వంతను చెడగొట్టక పట్టుకొనిన తొలి సందర్భములలో అది యొకటి. నేటికిని ఆ పాటను విన్నవాడు ఊరకుండలేక పెదవి కదల్చుటకు కారణమదియే.

తరువాత వచ్చినది క్యాసెట్టు. నా దృష్టిలో ఈ చరిత్రమున బంగారుకాలమదే. ఫిలిప్సు సంస్థ దానిని 1963లోనే లోకమునకు చూపినను మన పల్లెలకు చేరుటకు 1980 దాటినది. గుల్షన్ కుమారుని టీ-సిరీస్ వంటి సంస్థలు ధరను నేలకు దించగా, అంతవరకు ఒక్క గ్రామఫోను కంపెనీ చేతిలోనుండిన పాట ఎల్లవారికిని అందివచ్చెను. నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూలు బస్టాండుల దరినుండిన రికార్డింగు సెంటర్ల నెరిగినవారు వానిని మరువజాలరు. ఇరుకైన గది, గోడల నిండ అరలు, అరలలో వెన్నుమీద పేరు వ్రాసిన క్యాసెట్టులు, బల్లమీద రెండు గూళ్ల డెక్కు, ఒక గూటిలో అసలు, రెండవదానిలో ఖాళీది. గిరాకీకి వచ్చినవాడు నోటుపుస్తకపు కాగితముమీద పాటల పట్టిక వ్రాసికొని వచ్చును. అరవై నిమిషముల క్యాసెట్టులో అటు అరగంట, ఇటు అరగంట. చివరిపాట నడుమ తెగకుండునట్లు దుకాణదారుడు వ్రేళ్లమీద నిమిషములు లెక్కగట్టి, ఏ పాట ముందు, ఏది వెనుక యని యేర్చికూర్చును. నింపుట ముగిసిన పిదప, ఎవరును దానిమీద వేరొకటి యెక్కింపకుండ వెనుకనున్న చిన్నరెక్కను గోటితో విరిచి యిచ్చును. టేపు వదులైనచో పెన్సిలును పండ్లచక్రములో దూర్చి త్రిప్పుట పిల్లలకును వచ్చిన విద్య. పాలమూరునుండి బొంబాయి, పూనా పనులకు వలసపోవు కూలీల సంచులలో ఇవి రొట్టెలమూటతోపాటు ప్రయాణము చేసినవి.

క్యాసెట్టు ఘనత చౌకదనముననే లేదు. అరగంట నిడివి దొరకుటతో కథకు తొలిసారిగా కాళ్లు చాపుకొను చోటు దొరకినది. జనగామ ప్రాంతపు మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్యగారివంటి మహాకళాకారులు రాత్రుల తరబడి చెప్పెడు ఒగ్గుకథ, ప్లేటుకాలమున ఊహింపను వీలుగాని రీతిని, భాగములు భాగములుగా యంత్రమున కెక్కుటకు తగినదైనది. రెండవ సంగతి యింకను ముఖ్యము. చిన్నగదులలో ఒకటి రెండు మైకులచుట్టు దళమంతయు గుమిగూడి ఒక్కపట్టున పాడవలెను. ఒకరు తప్పినచో అందరును మరల మొదటికి రావలెను. కావున ఆ క్యాసెట్టులలో గజ్జెల చప్పుడును, ఊపిరి తీయుటయు, మూలపాటకుని ఉత్సాహము చూచి వంతవాడు అప్రయత్నముగా చేసిన ఊకొట్టుటయు అట్లే నిలిచినవి. ధ్వని ముతకది, టేపు బుసకొట్టును. అయినను అందు పాట పుట్టినచోటి మనుషులున్నారు. గద్దరు పాటల క్యాసెట్టులు ఒకరి చేతినుండి వేరొకరి చేతికి నకలుమీద నకలుగా సాగినవి. 1997లో భువనగిరిసభ తరువాత తెలంగాణ వాదము మరల లేచినపుడును, 2002లో కామారెడ్డిలో ధూంధాం మొదలైనపుడును పాటయే ముందు నడచినది. ఆ భువనగిరి గాయని బెల్లి లలితను 1999 మే నెలలో దారుణముగా చంపిరి. ఒక స్త్రీ గొంతునకు అంత భయపడిన వారున్నారనిన, ఆ గొంతు వెనుక నెన్ని గొంతులు కదలునో చంపినవారికి బాగుగ తెలిసియుండెననియే అర్థము.

ఈ బంగారుకాలమునకును ఒక మచ్చ కలదు. అట్టమీద అచ్చగునది మూలపాటకుని పేరు, బొమ్మ. వంతలవారి పేర్లు ఏ మూలనో యుండును, పెక్కు తావుల అదియు నుండదు. పాటలో సగము పలికిన మనిషి చరిత్రలో అనామకుడైనాడు. ఈ యలవాటు అప్పుడు దిద్దుకొనబడనందుననే తరువాతి విపత్తు సులభమైనదని నాకు తోచుచున్నది.

ఆ విపత్తు కంప్యూటరు రూపమున వచ్చినది. ఇప్పటి పద్ధతిలో తాళము ముందే సిద్ధమైయుండును. గాయకుడు చెవులకు హెడ్‌ఫోను తగిలించుకొని గాజు తలుపు వెనుక ఒంటరిగా నిలిచి తన వంతు పాడిపోవును. డప్పు వేరొకదినమున, వేణువు వేరొకయూర. వంత కావలసివచ్చినచో ఆ గాయకునిచేతనే నాలుగైదుసార్లు పాడించి, ఆ పొరలను ఒకదానిమీద నొకటి పేర్చుదురు. వినుటకు గుంపువలె నుండును, లోపలనున్నవా డొక్కడే. తనకు తానే వంతపాడుకొను ఈ యేర్పాటు ఖర్చును తగ్గించిన మాట నిజమే, చిన్నయూరి యువకుడును స్వంతముగా ఆల్బము తీసి యూట్యూబులో నిలుపుటకు దారిచూపిన మాటయు నిజమే. దేవరకొండ, అచ్చంపేట వైపులనుండి జానపద ఆల్బముల పేర వెలువడువానిని నేను ఆసక్తితో విందును. వానిలో మంచి గొంతులున్నవి, పలుకుబడి యచ్చపుది, పేరు ప్రతిష్ఠలులేని పిల్లలు జంకులేక పాడుచున్నారు. ఇది తక్కువ సంగతి కాదు. నాకు నచ్చనిది ఒక్కటే: ఆరంభమునుండి తుదివరకు ఒకే డీజే దరువు, నడుమ మౌనమునకు తావులేదు. మౌనము లేనిచోట వినువాడు పలుకుట యెట్లు?

ఇటీవలి విడుదలలలో కొన్నింటిని ఈ దృష్టితో చూతము. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రమునకై సుద్దాల అశోక్ తేజగారు వ్రాయగా మంగ్లీ పాడిన ‘సారంగదరియ’ తెలుగునాట వినబడని వీధిలేదు. పల్లవి జనులది, చరణములు కవివి, బాణీకట్టినవాడు పవన్. అశోక్ తేజగారు హనుమంతుగారి కుమారులు; తండ్రి పాట నిలుచుటకు ఊరు కావలసియుండెను, కుమారుని పాట కదలుటకు చిత్రశాల కావలసివచ్చెను. ఇది కుమారుని లోపముగాదు, కాలము పాటకు చూపిన బ్రతుకుతెరువు. ఆ పాటలో దరువు చేతులను చప్పట్లకు పిలుచును, నుడికారము కల్తీలేనిది, నేను దానిని మెత్తును. వంత మాత్రము అడిగినచోట వచ్చి, చెప్పినంత పలికి, తొలగిపోవును.

అదే సంవత్సరము సెప్టెంబరు 2వ తేదీన వెలువడిన ‘భీమ్లా నాయక్’ చిత్రపు పాటను గురించి ఇంకొంచెము నిలిచి చెప్పవలెను. ఏలనన దాని మొదట వినబడునది పాలమూరు కిన్నెర. దర్శనం మొగులయ్యగారు నాగర్‌కర్నూలు ప్రాంతపు వారు. వారి చేతిలోనిది పండ్రెండుమెట్ల కిన్నెర: పొడవాటి వెదురుబొంగు, దానిక్రింద ఎండిన ఆనపబుర్రలు, బొంగుమీద మైనముతో నిలిపిన మెట్లు, కొననొక చిలుక, తంతి మీటినప్పుడెల్ల ఆ చిలుక తలయాడించును. పండుగల సాయన్న, మియాసాబు మున్నగు పాలమూరు వీరుల కథలను ఆయన ఆ వాద్యముమీద పాడుచు ఊరూర తిరిగెను. పెద్దవారిని దోచి పేదలకు పంచిన సాయన్నను చరిత్రగ్రంథములు విడిచినను కిన్నెర విడువలేదు. సంగీతదర్శకుడు తమన్ ఆ గొంతును తెచ్చి కోట్లాదిమందికి వినిపించుట గొప్పపని. మరుసటి ఏడు మొగులయ్యగారికి పద్మశ్రీ వచ్చినది. ప్రక్కనున్న నారాయణపేట వైపు దామరగిద్దలో బుర్రవీణను పట్టుకొని నిలిచిన దాసరి కొండప్పగారికి 2024లో అదే గౌరవము దక్కినది. అయినను పాటగా చూచినపుడు నాకు కొదవ కనబడును. కిన్నెర ద్వారమువద్దనే నిలిచిపోయి, అటుపిమ్మట భేరీధ్వనులు ఇల్లంతయు నాక్రమించుకొన్నవి. ఆ తంతిరవము నడుమనడుమ తిరిగివచ్చి నాయకుని గొంతునకు బదులు పలికియున్నచో, ఆ చిత్రగీతము సాయన్నకథ స్థాయికి చేరియుండెడిది.

2021 అక్టోబరులో ఎ. ఆర్. రెహమాను స్వరపరచిన బతుకమ్మపాట ‘అల్లిపూల వెన్నెల’ వెలువడినది. మిట్టపల్లి సురేందరుగారి సాహిత్యము, ఉత్తరా ఉన్నికృష్ణన్ గానము, గౌతం మేనన్ చిత్రీకరణము. రాగము సుకుమారము, పరిశ్రమ నిజాయితీగలది. కాని బతుకమ్మపాట యేమిటి? తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మలను నడుమనుంచి ఆడువారు వలయముగా తిరుగుచు, ప్రతి రెండడుగులకు వంగి చప్పట్లు కొట్టుచుండగా, ఒక పెద్దమ్మ చరణము చెప్పును, తక్కినవారు ఉయ్యాలో యనియో కోల్ యనియో దాని తుదిని మోయుదురు. ఆ పెద్దమ్మ చేతిలో పాటకు నిడివిలేదు. పొద్దుండిన రామాయణమంతయు తెచ్చును, పొద్దుగుంకిన మూడుమాటలలో సీతమ్మను అత్తవారింటికి పంపివేయును. ఆ ఏడు ఊరిలో కన్నుమూసినవారి పేరును, కాపురమునకు వెళ్లిన పిల్ల పేరును అప్పటికప్పుడు చరణమున చేర్చును. యంత్రపుపాట నాలుగైదు నిమిషములలో ముగియును, ఎవరిపేరును దానిలో చేరదు. నేడు పట్టణములలో బతుకమ్మచుట్టు బాక్సులు పెట్టి పాట వేయుచున్నారు. స్త్రీలు చక్కగనే ఆడుచున్నారు, నోరు మాత్రము మెదపుటలేదు. రెహమాను పాట చెడ్డదని కాదు, అది వినదగినదే. అది పాడుకొనుటకై కట్టినది కాదని నా బాధ.

పాశ్చాత్యుల రాక్ సంగీతము ఈ వంత పలుకు పద్ధతికి పరాయిదని తలంచువారు దాని వేళ్లను చూడవలెను. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రపు పార్చ్‌మన్ చెరసాలలో 1947-48లలో ఆలన్ లోమాక్స్ రికార్డు చేసిన నల్లజాతి ఖైదీల పాటలలో ఒకడు పిలుచును, గొడ్డళ్లు పడును, తక్కినవారు బదులు పలుకుదురు. నాగార్జునసాగరమువంటి ఆనకట్టలకు రాళ్లెత్తిన పాలమూరు కూలీలకు ఆ పద్ధతిని వివరించి చెప్పనక్కరలేదు. బ్లూస్, రాక్ రెండును ఆ వేరుననే పుట్టినవి. 1977లో క్వీన్ అను ఆంగ్ల బృందము తన ఆల్బమునకై ఒక పాటను ముఖ్యముగా కాలితట్టు, చప్పట్లమీద నిలిపి కట్టినది. సభలోని ప్రేక్షకులు తమంతట తాము చేరవలెనన్నదే ఆ కూర్పునకు ఉద్దేశము. అర్ధశతాబ్దముగా లక్షలాదిమంది దానిలో చేరుచునే యున్నారు. విద్యుద్వాద్యములు వంతను చంపునను మాట నిజముకాదని దీనివలన తేలుచున్నది. తావు విడువవలెనను తలపుండిన ఏ వాద్యమైనను విడుచును. హైదరాబాదున పుట్టిన చౌరస్తా బృందము ‘ఊరెళ్ళిపోత మామ’ యను పాటలో గిటారుమీదనే ఆ తావు విడిచినది. కాలేజీ పిల్లలు దానిని వినుటతో నూరకుండక గుంపుగా పాడుకొనిరి. పట్నపు సుఖములలో ఊరిని తలచుకొను ఆ పాట వలసలసీమకు సహజముగా దగ్గరి చుట్టము.

మన నేలమీదనే ఇంకను గట్టి ఉదాహరణము 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’. వేణు యెల్దండి దర్శకత్వము, భీమ్స్ సంగీతము. చిత్రము తుదిలో వరంగల్లు వైపు బుర్రకథ దంపతులు పస్తం మొగిలయ్య, కొమురమ్మలు చనిపోయిన ఇంటిపెద్దను గురించి పాడిన కథ కలదు. అందు ఆర్భాటములేదు, భర్త పాడును, భార్య అందుకొనును, ఆమె అందుకొనిన క్షణమున ఆ దుఃఖము ఒక యింటిదిగాక చూచువారందరిదగును. ఊళ్లలో తెరలుకట్టి ఆ చిత్రమును జనులు గుంపులుగా చూచిరి, ఏడ్చిరి, విడిపోయిన అన్నదమ్ములు మాటలాడుకొనిరని పత్రికలు వ్రాసినవి. ఇటీవలి తెలుగు పాటల విడుదలలలో నేను శిరసున నిడుకొనునది ఆ కథయే. అట్లే పాలమూరు గౌరారము బిడ్డ గోరటి వెంకన్నగారు పల్లె కన్నీటిని గురించి కట్టిన పాట 2002లో ‘కుబుసం’ చిత్రమున వచ్చి, చిత్రము మరుగుపడినను తాను మరుగుపడలేదు. సాహిత్య అకాడమీవారు ఆయన ‘వల్లంకి తాళము’నకు 2021 పురస్కారము నొసగిరి. వేదికమీద వెంకన్నగారు చరణము నడుమ ఆగి, అడుగువేసి, సభవైపు చూచుట చూచినవారెరుగుదురు. ఆ ఆగుట సభకు విడిచిన తావు.

కావున ఆల్బములు తీయు యువకులకు నేను మనవి చేయునది రెండు సంగతులు. వచ్చెడు బతుకమ్మకు పాట తీయువారు, సంపూర్ణమైన ప్రతితోపాటు, ముందుగొంతు మాత్రముండి వంతపలుకు చోట చప్పట్ల దరువొక్కటే మ్రోగునట్టి రెండవ ప్రతినికూడ విడుదల చేయవలెను. ఇది కష్టము కాదు. పొరలుపొరలుగా రికార్డు చేయు యంత్రమే ఒక పొరను తీసివేయుటకును పనికివచ్చును, కరావొకె ట్రాకులు సిద్ధముచేయు ప్రతి స్టూడియోవారికిని ఆ పని తెలిసినదే. అట్టి ప్రతి బాక్సులలో మ్రోగినపుడు వలయములోని స్త్రీలకు పలుకక తప్పదు. రెండవది, వీడియో క్రింద గాయకుని, నటీనటుల, డ్రోను నడిపినవాని పేర్లు వ్రాయునపుడు వంతలవారి పేర్లను ఊరిపేర్లతో సహా వ్రాయవలెను. అది యొక వ్యక్తిచేతనే పలుమార్లు పలికించినదైనచో, మరుసటి ఆల్బమునకైనను ఆ యూరినుండి నలుగురిని పిలిపించి, ఒక్క మైకుచుట్టు నిలిపి, ఒక్కపట్టున పాడింపవలెను.